ఇరవై సెకన్ల ముందుచూపు

మాది రాష్ట్ర శ్రవణ పరీక్షల మండలి. చదువు రానివాళ్ళను పరీక్షలు లేకుండా వదిలేయడం అన్యాయమని ప్రభుత్వానికి ఒక శుభముహూర్తాన తోచింది. ఆ అన్యాయాన్ని సరిదిద్దడానికి పుట్టిన సంస్థ ఇది. లిఫ్టు నడిపేవాళ్ళు, నీళ్ళ ట్యాంకులు కడిగేవాళ్ళు, బళ్ళలో మధ్యాహ్న భోజనం వండేవాళ్ళు అప్పటిదాకా తమ పని తమకు వచ్చునన్న అపోహలో బతుకుతుండేవాళ్ళు. వచ్చో రాదో తేల్చి కాగితం మీద రాసి ఇచ్చేవాళ్ళు లేకపోయారు. ఇప్పుడు మేమున్నాం.

నేను అందులో మల్టీమీడియా సహాయకుణ్ణి. పదకొండు నెలలకోసారి ఉద్యోగం ఊడి, ఒక రోజు ఖాళీగా కూర్చుని, మర్నాడు మళ్ళీ చేరే రకం. అందుచేత నా ధైర్యానికి కూడా పదకొండు నెలల గడువే ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

మా పరీక్ష ఎలా ఉంటుందంటే, అభ్యర్థి కంప్యూటరు ముందు కూర్చుని చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు. మొదట మండలి అధ్యక్షులవారి సందేశం వినిపిస్తుంది. తర్వాత ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి ఇరవై సెకన్లు. ప్రశ్న వినబడుతుండగా తెర మీద నాలుగు బొమ్మలు కనిపిస్తాయి. కింద నాలుగు మీటలుంటాయి. సరైన బొమ్మ మీట నొక్కాలి. అక్షరం ముక్క రాకపోయినా ఫరవాలేదు. ఆలోచన మంచిదే, ఈ ఒక్క మాటా నేను వెటకారంగా అనడం లేదు.

బొమ్మలూ మాటలూ కలిసి నడవడానికి నేను కంప్యూటరుకు ఒక స్క్రిప్టు రాసిపెట్టాను. ధ్వని ఇరవై ఎనిమిదో సెకనుకు చేరగానే మొదటి ప్రశ్న బొమ్మలు చూపించు, అక్కణ్ణుంచి ఇరవై సెకన్లకోసారి బొమ్మలు మార్చు, అని దాని సారాంశం. ఇరవై ఎనిమిదే ఎందుకంటే మా మొదటి అధ్యక్షులవారికి ఉబ్బసం. ఆయన సందేశం సరిగ్గా ఇరవై ఎనిమిది సెకన్లు. అంతకు మించి ఆశీర్వదించలేకపోయారు. పై అధికారులు ఆ సంఖ్యను ఎంతో ముచ్చటపడి జీవోలో, అనుబంధం రెండులో, మూడు సంతకాలతో అచ్చు వేయించారు.

పోయిన ఏడాది అధ్యక్షులవారు మారారు. మా మండలిలో అధ్యక్షులు మారినప్పుడు గోడ మీద ఫొటో, ఫైలు అట్ట మీద పేరు, పరీక్ష ముందు సందేశం మారతాయి. మిగతావి మారవు. కొత్తాయన ఆరోగ్యవంతులు. సందేశంలో తన ఐదు డిగ్రీలూ వరసగా చెప్పి, వాటిని ఇచ్చిన విశ్వవిద్యాలయాలను స్మరించి, చివర్లో అభ్యర్థులను కూడా తలచుకున్నారు. మొత్తం నలభై ఎనిమిది సెకన్లు వచ్చింది.

"స్క్రిప్టులో సంఖ్య మార్చాలండీ" అన్నాను సభ్య కార్యదర్శి త్రివిక్రమరావు గారితో.

"ముందు సందేశం ఎక్కించు. సంఖ్యల సంగతి సావకాశంగా చూద్దాం" అన్నారాయన.

సందేశం ఎక్కించాను. దాంతో మాట బొమ్మల వెనక ఇరవై సెకన్లు పడిపోయింది. అంటే కచ్చితంగా ఒక ప్రశ్నంత. మొదటి ప్రశ్న బొమ్మలు అధ్యక్షులవారు డిగ్రీలు చెబుతుండగానే వచ్చి వెళ్ళిపోతాయి. మొదటి ప్రశ్న వినబడేసరికి తెర మీద రెండో ప్రశ్న బొమ్మలుంటాయి. అలా చివరిదాకా. మార్కు మాత్రం తెర మీదున్న బొమ్మల ప్రకారమే పడుతుంది.

వజ్రమ్మను నేను మొదట చూసింది ఆ సందేశం ఎక్కించిన వారానికి. ఈదరపాలెం హైస్కూల్లో పద్దెనిమిదేళ్ళుగా వంట ఆమెదే. రెండువందల ముప్ఫై మంది పిల్లలు. పొద్దున ప్రార్థన వేళ గేటు దగ్గర ఒకసారి నిలబడి చూసి బియ్యం కొలుస్తుందట, సాయంత్రానికి గిన్నెలో గుప్పెడు కూడా మిగలదట. ఇది ఆ బడి హెడ్‌మాస్టరు రాసిన సిఫారసు ఉత్తరంలోని మాట. దాన్ని మేం పరిగణనలోకి తీసుకోలేదు, మా నిబంధనల్లో ఉత్తరాలు లేవు. నిబంధనల్లో ఉన్నది మూడు అవకాశాలు. మూడుసార్లలో ప్యాసు కాకపోతే వంటగది తాళంచెవి ప్యాసైనవాళ్ళ చేతికి వెళుతుంది.

పరీక్ష మధ్యలో ఆమె హెడ్‌ఫోన్లు తీసేసింది.

"సారూ, ఈయన చేతులు ఎప్పుడు కడుక్కోవాలని అడగతా ఉండాడు. ఈడ చూస్తే నాలుగు ఉప్పు పాకెట్లు ఉండయి. నేను దేన్ని నొక్కేది?"

"ప్రశ్న విని బొమ్మ నొక్కాలమ్మా. మాట్లాడకూడదు" అన్నాడు పర్యవేక్షకుడు.

"ఇనబట్టే గదా సారూ అడిగేది."

పర్యవేక్షకుడు తన పుస్తకంలో 'అభ్యర్థి యంత్రముతో వాదనకు దిగినది' అని రాసుకున్నాడు. వజ్రమ్మకు ఇరవైకి సున్నా వచ్చింది. ఆ రోజు ఎక్కువ మార్కులు వచ్చిన అమ్మాయి తను అన్నిటికీ ఒకటో మీటే నొక్కానని బయట స్నేహితురాలితో చెబుతుంటే విన్నాను. ఆ అమ్మాయికి ఆరు వచ్చాయి, ప్యాసుకు ఐదు చాలు.

ఆ సాయంత్రమే స్క్రిప్టు తెరిచి, ఒక చేత్తో గడియారం పట్టుకుని, మొత్తం పరీక్షను చెవులతో ఒకసారి, కళ్ళతో ఒకసారి సరిచూశాను. ధ్వని ఎంతదాకా వచ్చిందో సాఫ్ట్‌వేర్ నిజమే చెబుతోంది. నలభై ఎనిమిదో సెకనులో ఉన్నానంటే అక్కడే ఉంది. దానికి మేం ఇచ్చిన సంఖ్యే పాతది. 'ఇరవై ఎనిమిది బదులు నలభై ఎనిమిది అని మార్చిన సరిపోవును. పట్టు సమయము అర నిమిషము' అని నోట్ రాసి పైకి పంపాను. అర నిమిషం అని రాయడం నా తెలివితక్కువ. అర నిమిషంలో అయ్యే పనికి ఏ ఆఫీసులోనూ ఫైలు కదలదు.

నెల తర్వాత సమావేశం పెట్టారు. త్రివిక్రమరావు గారు బల్లకు ఆ తలన కూర్చున్నారు. పక్కన మా సాంకేతిక సలహాదారు డాక్టర్ సుగుణాకర్ గారు. వారి డాక్టరేటు మామిడి తోటల్లో పిండినల్లి పురుగు మీద.

"చలపతీ, నీ నోట్ చూశాను. ఇరవై ఎనిమిది అన్నది జీవోలో ఉందా, లేదా?"

"ఉందండీ."

"అయితే జీవో తప్పంటావు."

"జీవో తప్పు కాదండీ. సందేశం పొడుగైంది."

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సందేశం పొడుగు కాలేదు. అది ఎంత ఉండవలెనో అంతే ఉంది. మాట జాగ్రత్త."

సుగుణాకర్ గారు నా మీద జాలిపడ్డారు. "మిత్రులు ఆందోళన చెందనక్కర్లేదు. ఇది ప్రకృతి ధర్మం. మెరుపు ముందు కనబడుతుంది, ఉరుము తర్వాత వినబడుతుంది. ఎందుచేత? కాంతి వేగం వేరు, ధ్వని వేగం వేరు. ఇరవై సెకన్ల తేడా అంటే ధ్వని సుమారు ఏడు కిలోమీటర్ల నుంచి ప్రయాణం చేస్తోందని లెక్క తేలుతోంది."

"హెడ్‌ఫోన్లు చెవులకే పెట్టుకుంటారు కదండీ" అన్నాను.

"పెట్టుకుంటున్నారు. కాని చాలినంత దగ్గరగా పెట్టుకోవడం లేదని ఈ గణాంకం స్పష్టం చేస్తోంది."

హెడ్‌ఫోన్లను అభ్యర్థుల తలకు రబ్బరు పట్టీలతో బిగించాలని తీర్మానమైంది. పట్టీలు వచ్చాయి. కట్టాం. తేడా ఒక్క సెకను కూడా తగ్గలేదు. అప్పుడు సుగుణాకర్ గారు, ధ్వని చెవిదాకా సకాలంలోనే చేరుతోందనీ, ఆలస్యం చెవి లోపల జరుగుతోందనీ తేల్చారు. ఇకమీదట అభ్యర్థులు జిల్లా ఆసుపత్రి నుంచి చెవుల ధ్రువపత్రం తేవాలని సర్క్యులర్ వెళ్ళింది.

వజ్రమ్మ ఒక రోజు పని మానుకుని రెండు బస్సులు మారి జిల్లా ఆసుపత్రికి పోయింది. డాక్టరు తెర వెనక నిలబడి గుసగుసగా ఏవో అంకెలు చెబితే తిరిగి చెప్పిందట. తర్వాత ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి నాకు తెచ్చి ఇచ్చింది.

"చెవులు శుభ్రంగా ఇనపడతా ఉండయంట సారూ. డాక్టరమ్మ నవ్వింది. పొయ్యి మీద పప్పు పొంగే చప్పుడు నేను బయట నూతికాడ ఉండి ఇంటా. నాకు చెవుడేంది?"

"చెవుడు కాదమ్మా, మా దగ్గర ఒక సంఖ్య..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. త్రివిక్రమరావు గారి గది తలుపు తెరిచి ఉంది.

రెండోసారి కూడా ఆమెకు సున్నానే వచ్చింది. ఆమెకే కాదు, పదేళ్ళు పైబడి వండుతున్న ఏ వంటామెకూ రెండు దాటలేదు. ప్రశ్న తెలిసినవాళ్ళు ప్రశ్నకు జవాబు వెతికారు, అది తెర మీద లేదు. ఏమీ తెలియనివాళ్ళు తోచిన మీట నొక్కారు, నాలుగింట ఒకటి తగిలింది. ఈ ఫలితాలను త్రివిక్రమరావు గారు గ్రాఫు గీయించి చూశారు. వారి ముఖం వెలిగిపోయింది. 'అనుభవము పెరిగిన కొలదీ విజ్ఞానము తరుగుచున్నట్లు మండలి పరిశోధనలో వెల్లడి అయినది' అని నివేదిక తయారైంది. పదేళ్ళు దాటిన వంటవాళ్ళందరినీ అనుమానంతో చూడవలసిందిగా జిల్లాలకు ఆదేశాలు వెళ్ళాయి.

నేను రెండో నోట్ రాశాను. ఈసారి తెలివిగా, పట్టు సమయం మూడు నెలలు అని రాశాను. ఆ నోట్ మీద చర్చ జరిగింది కూడా.

"మనమింతకాలం దీన్ని లోపమని చూశాం" అన్నారు త్రివిక్రమరావు గారు. "నాకు నిన్న పూజ చేసుకుంటుండగా స్ఫురించింది. ప్రశ్న అడిగాక జవాబు చెప్పడం ఎవరైనా చేయగలరు. ప్రశ్న రాకముందే బొమ్మలు చూసి, రాబోయే ప్రశ్న ఏమై ఉండునో ఊహించి, జవాబు సిద్ధం చేయగలగడం, అది కదా ప్రతిభ. మన పరీక్ష వాళ్ళ వినికిడిని కాదు, ముందుచూపును కొలుస్తోంది. దేశంలో మరెక్కడా లేదిది."

"వంటకు ముందుచూపు అత్యవసరం" అన్నారు సుగుణాకర్ గారు. "పిండినల్లి విషయంలోనూ అంతే."

అలా ఇరవై సెకన్ల లోపం ఇరవై సెకన్ల ముందుచూపు అయింది. దాని మీద రెండు రోజుల సదస్సు జరిగింది. ఆ సదస్సులో ఎవరైనా ప్రశ్న అడగకముందే వక్తలు జవాబులు చెప్పి దిగిపోయారు. భోజనాలు బాగున్నాయి.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. ఇరవయ్యో ప్రశ్న, పాడైన పదార్థాన్ని ఎక్కడ పారెయ్యాలి అని. దాని బొమ్మలు నాలుగు: మూత ఉన్న చెత్తకుండీ, మురిక్కాలవ, వీధి కుక్క, పక్కింటి గోడ. ఈ బొమ్మలు పందొమ్మిదో ప్రశ్న వినబడుతుండగా వచ్చి పోతాయి. ఇరవయ్యో ప్రశ్న వినబడే వేళకు బొమ్మలు అయిపోయి, ధన్యవాదాలతో అధ్యక్షులవారి ఫొటో వస్తుంది. పాడైన పదార్థాన్ని ఎక్కడ పారెయ్యాలి అని చెవుల్లో అడుగుతుంటే, తెర మీద అధ్యక్షులవారు చిరునవ్వుతో ఉంటారు.

దీన్ని మొదట కనిపెట్టింది సూపర్నెంటు గారు. ఆమె చెప్పడం పూర్తి కాకముందే త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి లేచారు. నాకు ఆశ కలిగింది, ఇప్పుడైనా సంఖ్య మారుస్తారని. మారలేదు. జీవోలో సంఖ్య ఉంది గాని ప్రశ్నలు లేవట. కాబట్టి ప్రశ్నను మార్చారు. ఆ మధ్యాహ్నమే స్టూడియోకు పోయి ఇరవయ్యో ప్రశ్నను తిరిగి రికార్డు చేయించాం: "మనందరికీ ఆదర్శం ఎవరు?" తెర మీద ఫొటో ఉండగా ఏ మీట నొక్కినా ఒక మార్కు. పాత బొమ్మలు నాలుగూ మార్కు లేకుండా వాటి చోట అలాగే ఉండిపోయాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు. ఆ రోజు నుంచి మా పరీక్షలో పాడైన అన్నం ఊసు లేదు.

ఈలోగా మా ఆఫీసు ఎదుట పానకాలు గారు కోచింగు పెట్టారు. ఆయన మా దగ్గరే రికార్డు అసిస్టెంటుగా చేసి రిటైరైన మనిషి. సంస్థ ఎలా పనిచేస్తుందో ఆయనకు తెలిసినంత అధ్యక్షులకు తెలియదు. ముందుచూపు లాంటి పెద్ద మాటలతో ఆయనకు పని లేదు. పరీక్ష రాసి వచ్చిన ఓ వంద మందిని కూర్చోబెట్టి, ఏ మాట వినబడినప్పుడు ఏ మీటకు మార్కు పడిందో పోగేశారు. ఎం.ఏ. అన్న మాట వినగానే మూడు. చేతులు కడుక్కోవడం గురించి అడిగితే ఒకటి. ఉప్పు గురించి అడిగితే నాలుగు. ఆదర్శం అనగానే కూడా మూడే నొక్కించేవారు, ఏది నొక్కినా ఒకటేనని తెలిసినా చెయ్యి తడబడకుండా ఉంటుందని. బొమ్మల వంక చూడనే కూడదు. చూస్తే ఆలోచన వస్తుంది, ఆలోచన వస్తే పోతారు అని ఆయన బోధ.

మూడో పరీక్షకు వారం ముందు టీకొట్టు దగ్గర వజ్రమ్మ కనిపించింది. పెదవులు కదులుతున్నాయి, బొటనవేలు మిగతా వేళ్ళ మీద తిరుగుతోంది. జపం చేస్తోందనుకున్నాను.

"ఏం చదువుతున్నావమ్మా?"

"పానకాలు సారు చెప్పింది. పప్పు ఎంతసేపు నానెయ్యాలంటే రెండు. గ్యాసు వాసనొస్తే ఏం జెయ్యాలంటే ఒకటి." ఆగి నా ముఖంలోకి చూసింది. "ఒకటి కాడ ఏం బొమ్మ ఉంటదో తెలుసా సారూ? గుమ్మడికాయ. గ్యాసు లీకైతే గుమ్మడికాయంట. నాకు నవ్వూ వస్తది, ఏడుపూ వస్తది."

"నీకు సరైన జవాబు తెలుసు కదా."

"తెలిసే గదా రెండుసార్లు పోయింది. ఈసారి పోతే తాళాలు ఆ ఒకటో మీట పిల్లకిస్తారంట. ఆ పిల్ల మంచిదే. కానీ అన్నం వార్చడం రాదు. రెండువందల ముప్ఫై మంది పిలకాయల్ని పెట్టుకోని నేర్చుకుంటదా?" టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ వేళ్ళు లెక్కపెట్టుకోసాగింది. "మా ఇంట్లో నేను వండేది ఇద్దరికి సారూ. చెయ్యి ఆగదు. పెద్ద గిన్నె లేకపోతే నాకు తోచదు."

నాకు కోపం వచ్చింది. త్రివిక్రమరావు గారి మీద, పిండినల్లి మీద, అన్నిటికన్నా ఎక్కువ నా నోట్ల మీద. ఆ కోపం పరీక్ష రోజుదాకా ఉంది. అది నాకే ఆశ్చర్యం. పొద్దున తొమ్మిదింటికి, అటెండరు గదులు ఊడుస్తుండగా, స్క్రిప్టు తెరిచి ఇరవై ఎనిమిది కొట్టేసి నలభై ఎనిమిది అని పెట్టాను. ముందే రాసినట్టు అర నిమిషం పట్టింది. జీవోను ఉల్లంఘించడం ఇంత తేలికని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రోజు అరవై ఒక్క మంది అభ్యర్థులు. అందరూ పానకాలు గారి శిష్యులే. అధ్యక్షులవారు స్వయంగా తనిఖీకి వచ్చారు, దండతో సహా వెనక వరసలో కూర్చున్నారు. సందేశం మొదలైంది. ఎం.ఏ. అన్న మాట రాగానే అరవై ఒక్క చేతులు ఒక్కసారిగా మూడో మీట నొక్కాయి. తెర ఖాళీగా ఉంది. అధ్యక్షులవారు తన డిగ్రీకి లభించిన స్పందన చూసి తలాడించారు.

తర్వాత చేతులు కడుక్కునే ప్రశ్న వచ్చింది. చేతులు కడుక్కునే బొమ్మలే వచ్చాయి. నెలల తర్వాత మాటా బొమ్మా ఒకచోట కలుసుకున్నాయి. నాకు కళ్ళు చెమర్చాయి. అరవై ఒక్క మందీ ఒకటి నొక్కారు. జవాబు మూడు.

ఏమవుతోందో అప్పుడు అర్థమైంది. వరసగా రెండు ప్రశ్నలకు ఒకే మీట జవాబు కాకూడదని మా నిబంధన. కాబట్టి ఒక ప్రశ్న పక్కకు జరిగిన జవాబులన్నీ, ఒక్కటి కూడా మిగలకుండా, తప్పే అవుతాయి. వజ్రమ్మ వేలు ఒక్కో మీట మీదికి పోయి ఆగడం, తెర వంక చూడటం, మళ్ళీ కళ్ళు మూసుకుని నొక్కేయడం నాకు కనిపిస్తూనే ఉంది. వెళ్ళి ఆపలేదు. ఆపితే సంఖ్య ఎవరు మార్చారో చెప్పాలి.

పందొమ్మిది ప్రశ్నలు అలా పోయాయి. "మనందరికీ ఆదర్శం ఎవరు?" అన్నది హెడ్‌ఫోన్లలో గొంతు. అధ్యక్షులవారి చెవులకు కూడా ఒక జత పెట్టారు గనక వారూ విన్నారు, చిరునవ్వుతో ముందుకు వంగారు. తెర మీద చెత్తకుండీ, మురిక్కాలవ, వీధి కుక్క, పక్కింటి గోడ వచ్చాయి. అరవై ఒక్క మందీ తడుముకోకుండా మూడు నొక్కారు. కుక్క చుట్టూ ఎర్ర గీత వెలిగింది, అరవై ఒక్క తెరల మీదా.

"ఎవరండీ ఈ ఏర్పాటు చేసింది?" అన్నారు అధ్యక్షులవారు మెల్లగా. దండ తీసి కుర్చీ మీద పెట్టారు.

బయట మెట్ల మీద వజ్రమ్మ కూర్చుని ఉంది. నేను పక్కన నిలబడ్డాను.

"ఈసారి ప్రశ్నా బొమ్మా కలిశాయి కదమ్మా. నీకు తెలిసిందే నొక్కొచ్చు కదా?"

"కలిసినయి సారూ. కలిసేతలికి భయమేసింది. ఇన్నాళ్ళూ లేంది ఇవాళ కలిసినయంటే ఇందులో ఏదో మోసం ఉండాదనుకున్నా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, సాయంత్రం ఏ బస్సు దొరుకుతుందో అడిగింది.

మధ్యాహ్నం అత్యవసర సమావేశం జరిగింది. "యంత్రంలో తీవ్రమైన లోపం తలెత్తింది" అన్నారు త్రివిక్రమరావు గారు. "ఇన్నాళ్ళూ క్రమశిక్షణతో వెనక నడిచిన మాట, హఠాత్తుగా బొమ్మతో సమానంగా నడిచింది. అరవై ఒక్క మందికి సున్నా. అధ్యక్షులవారికి జరిగిన అవమానం నోటితో చెప్పేది కాదు."

"తెగులు ఒక్కోసారి ఒక్క రాత్రిలో సోకుతుంది" అన్నారు సుగుణాకర్ గారు.

"చలపతీ, లోపం ఎక్కడుందో కనిపెట్టగలవా?"

నేనే చేశానని చెప్పవలసిన క్షణం అదే. నా గడువు ఇంకా నాలుగు నెలలుంది. చెప్పకపోవడానికి కారణం ఒక్కటీ లేదు, భయం తప్ప. "కనిపెడతానండీ" అన్నాను. "అయితే ఈ పరీక్ష రద్దు చేసి మళ్ళీ పెట్టాలండీ. యంత్రం తప్పుకు అభ్యర్థుల అవకాశం పోకూడదు కదా."

ఇదొక్కటి వాళ్ళు ఒప్పుకున్నారు. తప్పు యంత్రానిదని రాసుకోవడం అందరికీ సౌకర్యంగా ఉంది. నేను స్క్రిప్టు తెరిచి నలభై ఎనిమిది కొట్టేసి, నా చేత్తోనే మళ్ళీ ఇరవై ఎనిమిది పెట్టాను. మరమ్మతుల రిజిస్టరులో 'లోపము సవరించబడినది' అని రాసి సంతకం చేశాను. యంత్రాన్ని ఒక్క పూటలో బాగుచేసినందుకు నాకు ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని ఇంట్లో గోడకు తగిలించాను, మా ఆవిడ తగిలించమంది.

తిరిగి పెట్టిన పరీక్షలో వజ్రమ్మకు ఇరవైకి ఇరవై వచ్చాయి. చేతులు కడుక్కోమంటే ఉప్పు పాకెట్టు నొక్కింది, గ్యాసు లీకైతే గుమ్మడికాయ నొక్కింది, ఆదర్శం ఎవరంటే అధ్యక్షులవారి చిరునవ్వు కింద మూడో మీట నొక్కింది. త్రివిక్రమరావు గారు స్వయంగా ధ్రువపత్రం ఇస్తూ, పద్దెనిమిదేళ్ళ అజ్ఞానం నుంచి మండలి ఒక మనిషిని ఎలా బయటపడేసిందో నాలుగు మాటలు చెప్పారు. వజ్రమ్మ చేతులు జోడించి నిలబడి విన్నది.

తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చింది. ధ్రువపత్రాన్ని చెవుల కాగితం ఉన్న ప్లాస్టిక్ కవరులోనే పెట్టింది.

"మిషను చెడిపోతే మీరే బాగుజేశారంట గదా సారూ. పానకాలు సారు చెప్పినాడు. మీ మేలు మరిచిపోను."

"అదేం లేదమ్మా."

ఆమె వెళ్ళబోయి ఆగింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఒక మాట అడగనా సారూ. రేపట్నించి బళ్ళో వండేటప్పుడు, ఈళ్ళు మార్కులేసినట్టు జెయ్యాలా, నాకు తెలిసినట్టు జెయ్యాలా?"

త్రివిక్రమరావు గారి గది తలుపు మూసి ఉందో లేదో ఒకసారి చూసుకున్నాను.

"నీకు తెలిసినట్టే చెయ్యమ్మా" అన్నాను.

ఆమె సంతోషంగా తలూపి బస్సుకు పోయింది. ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మని అడగలేదు. అడిగినా నేను ఇచ్చేవాణ్ణి కాదు.